ఎవరి మీదా ఫిర్యాదు లేదు

ఒక విచారణ కాగితం నకలు నా దగ్గర ఉంది. రెండు పేజీలు. చివర్న ఇట్లా ఉంటుంది: ఫిర్యాదుదారు తనకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని తెలిపినందున ఈ అర్జీని ముగించడమైనది. కింద అధికారి సంతకం, పక్కన ఒక ముసలామె వేలిముద్ర, ఇంకో పక్కన సాక్షిగా నా సంతకం. ఆ కాగితం చూసినవాళ్ళందరూ అధికారిని తిట్టారు. నేనూ కొన్నాళ్ళు తిట్టాను. ఆ మాటను ఆయన చేతికి అందించింది నేనేనని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

సంగతి చూస్తే చిన్నది. 35 కిలోల కంట్రోల్ బియ్యం. ఆమెది అంత్యోదయ కార్డు. భర్త లేడు, కొడుకు లేడు, ఒక్క మనవడితో ఉంటుంది. వరసకు నాకు కాకి. మా గోండిలో చిన్నమ్మను కాకి అంటాం, తెలుగువాళ్ళు నవ్వొద్దు. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వాగు పొంగితే మా గూడెం దిక్కు లారీ రాదు. ఆ నెల ఆమె డిపోకు పోయి వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెట్టింది. మొదటిసారి పడలేదు, రెండోసారి పడింది. సేల్స్‌మన్ 'వాగు తగ్గినంక లారీ వస్తది, వచ్చే నెల రెండూ కలిపి ఇస్త' అన్నాడు. వచ్చే నెల ఒక్క నెలదే ఇచ్చాడు. పోయిన నెలది అడిగితే 'నువ్వు తీసుకున్నవు, మిషన్ల ఉన్నది' అన్నాడు.

ఆ సేల్స్‌మన్ బయటివాడు కాదు. బయటివాడైతే ఈ వ్యాసం రాయడం నాకు సులువయ్యేది. సావుకారు మోసం, అమాయక గిరిజనం అని రాసుకుంటూ పోయేవాణ్ణి. అట్లాంటి వ్యాసాలు మనం చాలా రాశాం, రాయాల్సిన అవసరం ఇంకా ఉంది కూడా. కానీ ఇతను మావాడే. కాకి భర్తదీ ఇతనిదీ ఒకటే ఇంటిపేరు, ఒకటే పెర్సపేన్ దగ్గర మొక్కే కుటుంబాలు. ఆమెకు కొడుకు వరస. నాకు మా ఇంటామె తరఫున చుట్టం.

అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు పంతులును. అర్జీ రాసిపెట్టమని కాకి నా దగ్గరికి వచ్చింది. రాశాను. రెండు బస్సులు మారి సోమవారం ప్రజావాణిలో ఇచ్చి వచ్చాం. రసీదు ఇచ్చారు. ఆ రసీదును ఆమె ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేషన్ కార్డుతో పాటు దూలానికి కట్టింది.

విచారణకు అధికారి రావడానికి నెల దాటింది. ఆయన చెడ్డవాడు కాదని ముందే చెప్తున్నాను. బూట్లకు బురద అంటుకున్నా చీదరించుకోలేదు. ముసలామెను 'అమ్మా' అనే పిలిచాడు. జీపు డిపో ముందరే ఆగింది, ఎందుకంటే జీపు ఆగే జాగా అక్కడే ఉంది. కుర్చీలు డిపోలోవి. చాయ్ తెప్పించింది సేల్స్‌మన్. ఇంకెవరు తెప్పిస్తారు? గూడెంలో వచ్చినవాళ్ళకు చాయ్ పోయించే స్తోమత ఆయనకే ఉంది. కాంటా పక్కనే కూర్చొని, చుట్టూ చేరిన నలభై మందిని చూసి అధికారి అడిగాడు. 'బియ్యం మంచిగ అస్తున్నయా అందరికి?' అందరూ 'అస్తున్నై సార్' అన్నారు.

ఆ మాట అబద్ధమా?

ఇది నన్ను చాలా రోజులు సతాయించిన ప్రశ్న. ఆ నలభై మందిలో కనీసం ఐదారుగురికి అదే వానల్లో బియ్యం ఆలస్యం అయ్యాయి. ఇద్దరికి తూకంలో తగ్గాయని నాతోనే చెప్పారు. కానీ వచ్చే నెల మళ్ళీ అదే కాంటా ముందు నిలబడాలి, అదే మిషన్ మీద అదే వేలు పెట్టాలి. ముద్ర పడకపోతే 'ఇంకోసారి పెట్టు' అనేదీ 'రేపు రా' అనేదీ ఆయన నోటి మాటే. జీపు పోతుంది, డిపో ఉంటుంది. పైగా అధికారి అడిగిన ప్రశ్న అట్లాంటిది. 'అందరికీ మంచిగా వస్తున్నాయా' అని పదిమందిలో అడిగితే, వచ్చిన అతిథితో మా ఊరు బాగుందనే ఎవరైనా అంటారు. అది మర్యాద. మర్యాదను సాక్ష్యంగా రాసుకున్నవాడిదా తప్పు, మర్యాద చూపినవాడిదా?

మా వాళ్ళను నేను పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. భయపడడం వేరు, పక్కింటామె ఒంటరిగా నిలబడి ఉంటే నేల చూపులు చూడడం వేరు. కానీ భయానికి కారణం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2017లో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ళ పిల్ల చనిపోయింది. ఆధార్‌తో కలపలేదని ఆ ఇంటి రేషన్ కార్డు తీసేశారు, అన్నం లేక చనిపోయిందని తల్లి చెప్పింది. విచారణ జరిపి ప్రభుత్వం మలేరియా అన్నది. తర్వాత జరిగింది ఇంకా బాధ. ఊరి పేరు చెడగొట్టావని సొంత ఊరివాళ్ళే ఆ తల్లి మీదికి పోతే, ఆమె కొన్నాళ్ళు ఇల్లు విడిచిపోవాల్సి వచ్చిందని అప్పటి పత్రికల్లో చదివాం. బిడ్డ ఏ కారణంతో పోయిందనేది డాక్టర్లు తేల్చాల్సిన మాట. కానీ అధికారులు వచ్చి వెళ్ళాక ఆ తల్లి ఎవరి మధ్య బతకాలి అనేది ఏ విచారణ కాగితంలోనైనా ఉంటుందా?

ఇప్పుడు నా సంగతికి వస్తాను.

అధికారి కాకిని ముందుకు పిలిచాడు. ఆమెకు అంగడి తెలుగు వస్తుంది. ఉప్పు ఎంత, మిరపకాయ ఎంత అనే తెలుగు. మనసులో ముడిపడ్డ సంగతి చెప్పే తెలుగు రాదు. గోండిలో మొదలుపెట్టింది. అధికారి నా వైపు చూశాడు. 'ఏమంటున్నదో చెప్పు మాస్టారూ.'

ఆమె అన్నది నాకు ఈ రోజుకీ గుర్తుంది. తెలుగులో రాస్తే దాదాపు ఇట్లా ఉంటుంది:

'వేలు పెట్టిన. పెట్టలేదని నేను అంటలే. వాగు తగ్గినంక ఇస్త అన్నడు, నమ్మిన. కొడుకు వరస, నమ్మక ఏం చేస్త? ఇయ్యలే. అడిగితే తీసుకున్నవు అన్నడు. నలుగురి ముందల అన్నడు. వాని నౌకరి తీయమని నేను రాలే. వానికి చిన్న పిల్లలున్నరు, ఆ పిల్లలు నన్ను ముసలవ్వ అని పిలుస్తరు. వాన్ని జైల్ల వెయ్యమని కూడ రాలే. నా బియ్యం యాడికి పోయినయో వాడు ఈడనే చెప్పాలె. నన్ను అబద్ధాలదాన్ని చేసిన మాట వెనక్కి తీసుకోవాలె. నా బియ్యం నాకు ఇయ్యాలె.'

నేను అనువదించింది ఇది: 'ఆ నెల బియ్యం రాలేదంటున్నది సార్. కానీ ఒకే ఇంటివాళ్ళు. ఆయన మీద చర్య ఏమీ వద్దు, ఎవరి మీదా కంప్లైంట్ లేదంటున్నది.'

'మరి అర్జీ ఎందుకు పెట్టింది?' అని అధికారి కొంచెం నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన రాసుకున్నాడు. మిషన్ రికార్డులో రెండు నెలలూ బియ్యం తీసుకున్నట్టు ఉందన్నాడు. ఆమె చేత వేలిముద్ర వేయించారు. ఏం రాశారో ఆమెకు చదివి వినిపించమని నేను అడగలేదు. నేను కూడా చదివి వినిపించలేదు. జీపు వెళ్ళిపోయింది.

ఎందుకట్లా చెప్పాను అని నన్ను నేను చాలా రకాలుగా అడిగాను. జీపు డ్రైవరు ఇంజన్ ఆపలేదు, తొందర. అది ఒకటి. సేల్స్‌మన్ నా ముఖంలోకే చూస్తున్నాడు. అది ఇంకొకటి. గోండిలో నెమ్మదిగా చుట్టి చెప్పే మాట తెలుగు సర్కారు భాషలోకి రాదు. ఇదీ నిజమే కానీ, సాకు కూడా. అసలు కారణం వేరే ఉంది. ఆమె అడిగినదానికి ఆ కాగితంలో జాగా లేదని నాకు అప్పుడే అనిపించింది. చర్య కావాలి అంటే ఒక గడి ఉంది. ఫిర్యాదు లేదు అంటే ఇంకో గడి ఉంది. 'నిజం చెప్పు, కానీ వాడి కడుపు కొట్టొద్దు' అనేదాన్ని ఎక్కడ రాయాలి? దగ్గరగా ఉన్న గడిలోకి నేనే ఆమెను తోసేశాను.

నేను చదువుకున్న కొద్దిపాటి చదువులో న్యాయం, దయ రెండూ ఎదురెదురు మాటల్లాగా నేర్పారు. తప్పు చేసినవాణ్ణి శిక్షిస్తే న్యాయం, వదిలేస్తే దయ. కాకి చెప్పింది ఈ రెండింట్లో ఏదీ కాదు. ఆమె శిక్ష వద్దన్నది కానీ వదిలెయ్యమనలేదు. ఏం జరిగిందో తేలాలి, తేలిన తర్వాత క్షమించే పని తనది. తేలకముందే క్షమిస్తే దేన్ని క్షమించినట్టు? జరగనిదాన్నా? అధికారి, నేను కలిసి ఆమె దయను తీసుకుని ఆమె ఫిర్యాదుకే ఎదురు సాక్ష్యంగా వాడాం. కఠినంగా మాట్లాడి ఉంటే ఆమె మాట నిలబడేదేమో. మెత్తగా మాట్లాడింది కాబట్టి అబద్ధాలది అయింది. ఇట్లా అయితే మనవాళ్ళకు మేం ఏం నేర్పుతున్నట్టు? అర్జీ పెడితే పగబట్టినట్టు పెట్టండి, లేకపోతే నోరు మూసుకోండి అనేగా.

మా రాయి సెంటర్‌లో ఈ పంచాయతీ జరిగి ఉంటే ఎట్లుండేదో ఊహించుకుంటాను. పటేల్ ముందు ఇద్దరూ కూర్చుంటారు. మొదటి ప్రశ్న 'ఏం జరిగింది' అనే. చివరి మాట రేపటి నుంచి ఈ ఇద్దరూ ఒకే ఊళ్ళో ఎట్లా ఉండాలి అనేదాని గురించి. తప్పు ఒప్పుకున్నవాడు దండుగ కడతాడు, మళ్ళీ పంక్తిలో కూర్చుంటాడు. దీన్ని నేను పొగిడి ఆకాశానికెత్తడం లేదు. మా పంచాయతీల్లో ఆడవాళ్ళు వెనక వరసలో కూర్చుంటారు. ఒంటరి ముసలామె మాటకు, నెలనెలా జీతం వచ్చే మనిషి మాటకు అక్కడ కూడా ఒకటే బరువు ఉంటుందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. కానీ ఒకటి మాత్రం ఉంటుంది. పూర్తిగా చెప్పేదాకా ఆమెను మధ్యలో ఆపరు. అనువదించే పంతులు అక్కర ఉండదు.

భాష సంగతి వచ్చింది కాబట్టి మన జిల్లాలో జరిగిన ఒక పెద్ద విచారణను గుర్తు చేస్తాను. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను కాల్చి చంపిన తర్వాత గానీ, గోండులకు ఏం కష్టం వచ్చిందో తెలుసుకోవాలని నైజాం సర్కారుకు తోచలేదు. తెలుసుకోవడానికి పంపిన మనిషి హైమన్‌డార్ఫ్, ఆస్ట్రియా దేశస్థుడు. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని భార్యతో పాటు ఉన్నాడు. గోండి నేర్చుకున్నాడు. జాతరలు తిరిగాడు. భూముల పట్టాల సంగతి, అటవీ శాఖ జులుం, సావుకార్ల అప్పులు అన్నీ రాశాడు. ఆ నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. ఆ పని వల్ల కొంతమందికి పట్టాలు వచ్చాయి. గోండు పంతుళ్ళకు శిక్షణ మార్లవాయిలోనే మొదలైంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ పెట్టించింది కూడా ఆయనే. మన జనం ఎక్కడ గుమిగూడతారో అక్కడికి సర్కారే నడిచి రావాలని. ఇప్పటికీ ఏటా ఆ దర్బార్ జరుగుతుంది. శామియానాలు, మైకులు, ఉపన్యాసాలు పెరిగాయి. అర్జీలు కూడా పెరిగాయి.

హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ణి చేయాల్సిన పని లేదు. ఆయనను పంపింది తుపాకీ పేల్చిన సర్కారే, జీతమిచ్చిందీ అదే. విచారణ చావుల తర్వాత వచ్చింది, ముందు రాలేదు. ఆయన రాసినవన్నీ అమలైతే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూముల కోసం మళ్ళీ జనం చేరేవాళ్ళూ కాదు, మళ్ళీ తుపాకులు పేలేవీ కావు. నేను చెప్పేది ఆయన పద్ధతి గురించి మాత్రమే. ఒక మనిషి కష్టం ఏమిటో తేల్చాలంటే ఆ మనిషి భాషలో వినాలి, జీపు ఇంజన్ ఆపాలి. 35 కిలోల బియ్యం కోసం ఏ అధికారీ గుడిసె వేసుకుని ఉండడు, నాకు తెలుసు. ఆయన కింద ఎన్నో ఊళ్ళు, ఎన్నో అర్జీలు. ఒక్క పూట ఉండొచ్చు. డిపో ముందు కాకుండా ఆమె ఇంటి ముందు కూర్చోవచ్చు. నలభై మందిని ఒక్కసారి కాకుండా నలుగురిని విడివిడిగా అడగొచ్చు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది తర్వాత తెలుసుకున్న ఒక సంగతి. మన రాజ్యాంగంలో 350వ అధికరణం ఉంది. తన కష్టం తీర్చమని ఏ అధికారికైనా అర్జీ పెట్టుకునే మనిషి, దేశంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా పెట్టుకోవచ్చు అని అందులో ఉంది. ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న భాషలోనే అని లేదు. గోండి ఎనిమిదో షెడ్యూల్లో లేదు కానీ ఈ రాష్ట్రంలో వాడుకలో లేదని ఎవరంటారు? అంటే కాకి గోండిలో అర్జీ పెట్టొచ్చు. అర్థం చేసుకునే బాధ్యత సర్కారుది. నేను మాత్రం ఆమెను నా తెలుగు మీద ఆధారపడేలా చేసి, ఆ తెలుగులో ఆమెను పోగొట్టాను.

ఇక రుజువు సంగతి. 'ఆరోపణ రుజువు కాలేదు' అని కూడా ఆ కాగితంలో ఉంది. ఎవరు రుజువు చేయాలి? లారీ ఎప్పుడొచ్చిందో రాసిన కాగితం డిపోలో ఉంటుంది. స్టాకు రిజిస్టరు డిపోలో ఉంటుంది. మిషన్ డిపోలో ఉంటుంది. కాకి దగ్గర ఉన్నది ఖాళీ గోనె సంచి. ఖాళీ సంచి ఎట్లా రుజువు అవుతుంది? వేలిముద్ర చెప్పేది ఆ రోజు ఆమె అక్కడ ఉన్నదని మాత్రమే. బియ్యం సంచిలో పడ్డాయని వేలిముద్ర చెప్పదు. మన తాతల కాలంలో కూడా ఇదే వేలిముద్ర. పది రూపాయల అప్పుకని వేసిన ముద్ర, పదెకరాల భూమికి వేసినట్టు తేలేది.

ఈ సంగతి చట్టానికి తెలియక కాదు. భూమి విషయంలో తెలుసుకుంది. 1/70 అని మనందరం పిలుచుకునే భూ బదలాయింపు చట్టంలో, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేయాల్సింది ఆ చేతిలో ఉన్నవాడే అని ఉంది. కాగితాలు ఎవరి పెట్టెలో ఉంటాయో వాళ్ళే జవాబు చెప్పాలన్న ఆలోచన అది. అమలు ఎట్లా ఉందో మనకు తెలుసు, ఆ గోడు ఇంకోసారి. కానీ ఆలోచన సరైనది. బియ్యానికి కూడా ఆ ఆలోచనే ఎందుకు పనికిరాదు? 2013 ఆహార భద్రత చట్టం జిల్లాకొక ఫిర్యాదుల అధికారి ఉండాలన్నది. దుకాణం స్థాయిలో కూడా విజిలెన్స్ కమిటీ ఉండాలన్నది. రావాల్సిన ధాన్యం అందకపోతే ఆ మనిషికి సర్కారు భత్యం కట్టాలన్నది. అందలేదని రుజువు చేసే భారం ఖాళీ సంచి మీద పెడితే ఆ భత్యం ఎవరికి అందుతుంది?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. దొంగ అర్జీలు కూడా ఉంటాయి. డిపో తన మనిషికి రావాలని ఉన్న సేల్స్‌మన్ మీద పది మంది చేత వేలిముద్రలు వేయించిన అర్జీని నేను కళ్ళారా చూశాను. ఆ పది మందిలో ముగ్గురికి అర్జీలో ఏముందో తెలియదు. కాబట్టి విచారణకు వచ్చినవాడు అనుమానించాలి, అది ఆయన పని. నా బాధ అనుమానించాడని కాదు, ఒక్కవైపే అనుమానించాడని. ముసలామె మాటను తూచి చూశాడు, మిషన్ మాటను తూచలేదు. మిషన్‌కు ఆ రాత పెట్టింది ఎవరి మీద ఫిర్యాదు ఉందో ఆ మనిషే కదా. లారీ వచ్చిన తేదీ, వేలిముద్ర పడ్డ తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఐదు నిమిషాల పని. వాగు పొంగి లారీ రాని రోజున 35 కిలోలు ఇచ్చినట్టు ఉంటే, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ముందు నెల నిల్వ ఉండి నిజంగానే ఇచ్చి ఉంటే, అదీ తేలిపోయేది. అప్పుడు సేల్స్‌మన్ మీద మచ్చ ఉండేది కాదు. ఎందుకంటే ఆయన కూడా ఈ విచారణలో నష్టపోయాడు. 'రుజువు కాలేదు' అనే మాట ఆయనను శుద్ధుణ్ణి చేయలేదు. ఊళ్ళో సగం మంది ఇప్పటికీ ఆయన తిన్నాడనే అనుకుంటారు. తినకపోయి ఉంటే? తేల్చని విచారణ వల్ల ఇద్దరూ అబద్ధాలవాళ్ళుగానే మిగిలారు.

కొన్ని నెలల తర్వాత నకలు తెచ్చుకున్నాను. కాకి ఇంటికి పోయి, మొదటిసారి ఆ కాగితం మొత్తం గోండిలో చదివి వినిపించాను. చివరి వాక్యం దగ్గర ఆగాను. చదవకుండా మడిచేద్దామా అనిపించింది. చదివాను. ఆమె కాసేపు పొయ్యిలోకి చూసింది.

'నేను ఇట్ల అనలే' అన్నది.

'అవును కాకీ. నేనన్న.'

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. 'మరి నువ్వెందుకన్నవు?' అని కూడా అడగలేదు. జొన్న గట్క పెట్టింది, తిన్నాను. ఆ తర్వాత చాలా సేపటికి, 'మల్ల రాయి. ఈసారి నేనన్నది రాయి' అన్నది.

రాశాను. ఆమె గోండిలో చెప్తుంటే తెలుగు అక్షరాల్లో ఒక్కో మాటా ఎక్కించాను. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా చేరింది కానీ, నా చేతికి ఇంకా చేరలేదు, సిగ్గుపడుతూ చెప్తున్నాను. కింద తెలుగులో అర్థం రాశాను. 'నౌకరి తీయొద్దు' అన్న మాటను కొట్టేద్దామని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. అది ఉంటే మళ్ళీ అర్జీ మూసేస్తారు అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. కాకిని అడిగాను. 'అది తీసేస్తె నా మాట ఎట్లైతది?' అన్నది. ఉంచాను. రెండుసార్లు చదివి వినిపించిన తర్వాత గానీ ఆమె బొటనవేలు సిరా మీద పెట్టలేదు.

ఆ అర్జీకి కూడా రసీదు వచ్చింది. అది కూడా దూలానికే ఉంది. పిలుపు ఇంకా రాలేదు.

సేల్స్‌మన్, కాకి మాట్లాడుకుంటారు. దండారికి ఆయన పిల్లలు ఆమె ఇంటికి వస్తారు. డిపోలో మాత్రం ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ముందు కాంటా మీద బియ్యం చూస్తుంది, తన సంచిలో పోయించుకుంటుంది, సంచి మూతి కడుతుంది. ఆ తర్వాతే వేలు ముందుకు చాపుతుంది. మిషన్ ముందు, బియ్యం తర్వాత అని సేల్స్‌మన్ మొదట్లో గునిసాడు. ఇప్పుడు ఏమీ అనడం లేదు. దీనికి టైం పడుతుంది, వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. పోయిన నెల మా అమ్మతో పాటు నేనూ ఆ లైన్లో ఉన్నాను. ఎండ బాగా ఉంది. ఎవరో నా వైపు తిరిగి 'జరంత జల్ది కానియ్యమని చెప్పు పంతులూ, నీ మాట వింటది' అన్నారు. నేను చెప్పలేదు.